గాజు పోగుతో నా పని: ఊరికి వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్నలు

పండక్కో పెళ్లికో ఊరికి వచ్చిన ప్రతిసారీ ఇవే ప్రశ్నలు. నకిరేకల్ బస్టాండులో ఒకరికి కొంత, భోజనాల బంతిలో ఇంకొకరికి కొంత చెప్పి వదిలేసిన జవాబులను ఒక్కచోట రాసి పెడుతున్నాను. నేను చేసేది ఆప్టికల్ ఫైబర్ సెన్సార్లు, ఫైబర్ లేజర్ల మీద పరిశోధన. ప్రశ్నలను వీలైనంత వరకు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను.

అసలు నువ్వు చేసే పనేంది బిడ్డా?

ఇది మా నానమ్మ ప్రశ్న. ఆమెకు చెప్పిందే ఇక్కడా చెప్తాను. వెంట్రుక లాంటి గాజు పోగు ఒకటి ఉంటుంది. దాని ఒక కొసలోంచి వెలుగు పంపిస్తాను. మధ్యలో ఎక్కడైనా ఆ పోగును లాగినా, వంచినా, దానికి వేడి తగిలినా లోపలి వెలుగులో చిన్న తేడా వస్తుంది. ఆ తేడాను ఈ కొస దగ్గర కూర్చుని చదివి, అక్కడేం జరుగుతోందో చెప్పాలి. "అంటే నాడి చూసినట్టా?" అంది. థీసిస్ మొదటి అధ్యాయంలో నేను 12 పేజీలు రాసింది ఆ మాటే.

పనిలో రెండో సగం లేజర్లు. అదే గాజులో ఒక అరుదైన లోహాన్ని పిసరంత కలిపితే, పోగులోనే వెలుగు పుడుతుంది. దాని సంగతి కిందకు వస్తుంది.

మా ఇంటికొచ్చిన ఇంటర్నెట్ వైరు కూడా ఇదే కదా?

ఇదే. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కాలువల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేసుకుంటూ పోయారు. వాటిలో ఉండే పోగూ నా బల్ల మీద ఉన్న పోగూ ఒకే జాతి. నడిమి భాగం, అంటే వెలుగు నడిచే దారి, సుమారు 9 మైక్రాన్లు. దాని చుట్టూ ఇంకో గాజు పొర, అదంతా కలిపి 125 మైక్రాన్లు. పైన ప్లాస్టిక్ పూత వేస్తే 250. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. స్తంభాల మీద చూసే లావుపాటి నల్ల కేబులంతా ఆ పోగును ఎలుకల నుంచి, ఎండ నుంచి, రోడ్డు పక్క తవ్వే జేసీబీ నుంచి కాపాడటానికి వేసిన చొక్కా.

ఇంటర్నెట్ వాళ్లకు కేబుల్ వంగినా, సాగినా, వేడెక్కినా తలనొప్పి. వాటి ప్రభావం లేకుండా చేయడానికి వాళ్లు ఎన్నో తంటాలు పడతారు. మేము సరిగ్గా వాటి కోసమే కాచుకుని కూర్చుంటాం. వాళ్లు రోగం అన్నదాన్ని మేము కొలత అంటాం.

గాజులోంచి వెలుగు బయటికి పోకుండా ఎట్లా ఉంటది?

బావిలో ఈత నేర్చుకున్నవాళ్లు ఒక సంగతి చూసే ఉంటారు. నీళ్లలో మునిగి పైకి చూస్తే నెత్తిన గుండ్రటి కిటికీలాగా ఆకాశం కనిపిస్తుంది. దాని అవతల, పక్కలకు చూస్తే నీటి పైభాగం అద్దంలా మెరుస్తూ బావి లోపలి రాళ్లనే చూపిస్తుంది. నీళ్లలోంచి గాలిలోకి బాగా ఏటవాలుగా వచ్చే వెలుగు బయటపడలేక మళ్లీ లోపలికే తిరుగుతుంది. ఫైబర్‌లో నడిమి గాజు నీళ్లలాంటిది, చుట్టూ ఉన్న గాజు గాలిలాంటిది.

1841లో జెనీవాలో డేనియల్ కొలాడన్ అనే ఆయన నీటి ధారలోకి వెలుగు పంపి, ధార వంగినచోటల్లా వెలుగూ వంగేటట్టు చూపించాడు. గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపి 1954లో హాప్కిన్స్‌తో కలిసి ప్రచురించింది మన పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. ఫైబర్ ఆప్టిక్స్ అన్న పేరు పెట్టిందీ ఆయనే. కాకపోతే అప్పటి గాజు మురికిది. 20 మీటర్లు పోయేసరికి వెలుగు నూటికి ఒక పాలు మిగిలేది. ఆ తప్పు గాజుది కాదనీ, అందులోని మలినాలదనీ 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ లెక్క కట్టి చెప్పారు. కావ్‌కు నోబెల్ రావడానికి 2009 దాకా పట్టింది. ఇప్పటి మామూలు ఫైబర్‌లో సగం వెలుగు పోవాలంటే సుమారు 15 కిలోమీటర్లు నడవాలి. నల్లగొండలో వదిలిన వెలుగు నార్కట్‌పల్లిలో హాయిగా చదువుకోవచ్చు.

సరే, ఆ పోగులో సెన్సార్ ఎక్కడుంది? నాకైతే ఏమీ కనిపిస్తలేదు.

కనిపించదు. చెప్పడానికి నాకు పోచంపల్లి కంటే మంచి పోలిక దొరకలేదు. మామూలుగా బట్ట నేసిన తర్వాత దాని మీద అద్దకం వేస్తారు. పోచంపల్లిలో, పుట్టపాకలో నేతకు ముందే పోగు మీద డిజైన్ ఉంటుంది. లెక్క ప్రకారం నూలును రబ్బరు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. దీన్నే చిటికి కట్టడం అంటారు. విప్పి చూస్తే ఒకే పోగు మీద రంగు, తెలుపు, రంగు, తెలుపు.

మేం చేసేదీ చిటికే, రంగు బదులు అల్ట్రావయొలెట్ వెలుగుతో. ఫైబర్ నడిమి గాజులో జర్మేనియం కలిపి ఉంటుంది. దాని మీద బలమైన అల్ట్రావయొలెట్ కిరణం పడితే, పడిన చోట గాజు వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత వంచుతుందో చెప్పే లెక్క, రవ్వంత మారి అట్లాగే ఉండిపోతుంది. మధ్యలో సన్న గీతలున్న పలక ఒకటి, మాస్క్ అంటారు, అడ్డం పెడితే వెలుగు చారలు చారలుగా పడుతుంది. చారకూ చారకూ మధ్య దూరం అర మైక్రాను పైచిలుకు. ఒక్క సెంటీమీటరు పొడవులో 18 వేలకు పైగా చారలు. పుట్టపాకలో ఒక నేతన్నకు ఈ లెక్క చెప్తే, "మరి తప్పు పోతే ఎట్ల విప్పుతరు?" అని అడిగాడు. విప్పలేం. పారేసి కొత్తది రాసుకుంటాం.

దీని పేరు ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్. పోగులోకి చాలా రంగులు కలిసిన వెలుగు పంపితే, ఆ చారల దూరానికి సరిగ్గా సరిపోయే ఒక్క రంగు వెనక్కి తిరిగొస్తుంది, మిగతావన్నీ ముందుకు పోతాయి. పోగును లాగితే చారలు దూరం జరుగుతాయి, వెనక్కి వచ్చే రంగు మారుతుంది. రంగు అంటున్నాను గానీ మేం పని చేసేది 1550 నానోమీటర్ల దగ్గర, అది కంటికి కనపడని వెలుగు. నానోమీటరు అంటే మైక్రానులో వెయ్యో వంతు. ఒకే పోగు మీద వేర్వేరు చారల దూరాలతో పది, ఇరవై గ్రేటింగులు రాసుకోవచ్చు. ఒక్కోటి ఒక్కో రంగుతో తన పేరు చెప్పుకుంటుంది. అందుకని వంతెన పొడవునా 20 చోట్ల కొలవడానికి 20 జతల తీగలు లాగే బాధ లేదు.

ఇది ఎవరో కూర్చుని ఆలోచించి కనిపెట్టింది కూడా కాదు. 1978లో కెనడాలో కెన్ హిల్ బృందం వేరే పని మీద పోగులోకి లేజర్ వెలుగు పంపుతుంటే, కొన్ని నిమిషాల్లో వెనక్కి తిరిగొచ్చే వెలుగు పెరుగుతూ పోయింది. వెలుగే గాజులో చారలు రాసుకుంటోందని తర్వాత అర్థమైంది. పక్క నుంచి రాసే పద్ధతి 1989లో వచ్చాకే ఇది చేతికి అందే పనిముట్టు అయింది.

ఎండకు సాగిందో బరువుకు సాగిందో దానికెట్లా తెలుస్తది?

ఈ ప్రశ్న అడిగింది మిర్యాలగూడలో రైస్ మిల్లులో ఫిట్టర్‌గా చేసే మా బావ. పరీక్షల్లో ప్రొఫెసర్లు అడిగేది కూడా ఇదే.

దానికి తెలియదు. నిజం చెప్పాలంటే ఈ సెన్సార్‌కున్న పెద్ద లోపం ఇదే. ఒక డిగ్రీ వేడి పెరిగితే తిరిగొచ్చే రంగు సుమారు 10 పికోమీటర్లు జరుగుతుంది. పికోమీటరు అంటే నానోమీటరులో వెయ్యో వంతు. మీటరుకు ఒక మైక్రాను సాగితే సుమారు 1.2 పికోమీటర్లు జరుగుతుంది. మన దగ్గర మే నెలలో పొద్దున 28 ఉన్నది మధ్యాహ్నానికి 43 అయిందనుకోండి. 15 డిగ్రీలకు 150 పికోమీటర్లు. ఎవరూ ఆ వంతెన మీద కాలు పెట్టకపోయినా, ప్రతి మీటరూ 125 మైక్రాన్లు సాగినంత లెక్క చూపిస్తుంది. దీనికి మందు, పక్కనే ఇంకో గ్రేటింగును లాగుడు తగలకుండా వదులుగా పెట్టడం. అది వేడిని మాత్రమే చెప్తుంది. మొదటిదాంట్లోంచి దాన్ని తీసేస్తే మిగిలింది బరువు.

మా బావ అంతా విని, "అయితే రెండు పెట్టాలన్నమాట, ఒకటి పనికి, ఒకటి సాక్షికి" అన్నాడు.

మామూలు కరెంటు సెన్సార్లు చాలవా?

చాలాచోట్ల చాలు. ఒక పెద్దాయన తన బోరు మోటరు కాలిపోకుండా ఈ సెన్సార్ పెట్టమని అడిగారు. వద్దన్నాను. మంచి స్టార్టరు, ఓవర్‌లోడ్ రిలే, వోల్టేజీ తక్కువైతే ఆపేసే ఏర్పాటు ఉంటే సరిపోతుంది. ఫైబర్ పోగు చవక, గ్రేటింగు కూడా మరీ ఖరీదు కాదు, కానీ తిరిగొచ్చిన రంగును చదివే యంత్రం ధర లక్షల్లో ఉంటుంది. ఒక్క మోటరుకు అది పెట్టడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

కరెంటు సెన్సార్ పోలేని చోటికి ఇది పోతుంది. దామరచర్ల మండలం వీర్లపాలెంలో కట్టిన యాదాద్రి పవర్ ప్లాంటు 4000 మెగావాట్లది. అంతటి కేంద్రంలో వాడే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లోపలి చుట్టలో ఎక్కడ అన్నిటికంటే వేడిగా ఉందో తెలియాలి, దాని ఆయుష్షు ఆ ఒక్క చోటును బట్టే ఉంటుంది. అంత వోల్టేజీ మధ్యకు రాగి తీగ తీసుకుపోవడం అంటే కోరి ప్రమాదం తెచ్చుకోవడం. గాజుకు కరెంటు అంటదు. ఇట్లాంటి చుట్టల్లో ఫైబర్ వేడి సెన్సార్లు పెట్టడం లోకంలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. పిడుగులు, పెట్రోలు ట్యాంకులు, ఎమ్మారై స్కానింగ్ గది, ఇవన్నీ అదే కోవలోకి వస్తాయి.

నాగార్జునసాగర్ లాంటి డ్యాముకు పెట్టచ్చా?

పెట్టచ్చు, కానీ ఎక్కడ అన్నది అసలు ప్రశ్న. సాగర్ రాతి కట్టడం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. ఆ రాళ్లు మోసినవాళ్లలో పాలమూరు కూలీలు ఎంతమందో. మధ్యలో రాతి డ్యాము, రెండు పక్కలా మట్టికట్టలు. నా మటుకు నేను ముందు చూసేది మట్టికట్టలనే. రాయి పగిలితే కంటికి కనిపిస్తుంది. మట్టికట్టలో నీళ్లు లోపల్లోపల దారి చేసుకుంటే చాలాకాలం ఎవరికీ తెలియదు.

అక్కడ గ్రేటింగులతో పని లేదు, మొత్తం పోగే సెన్సార్. దీనికి మూలం మన సి.వి.రామన్ 1928లో కనిపెట్టిన సంగతే. వెలుగు గాజులోంచి పోతూ పోతూ కొద్దిగా చెదురుతుంది, చెదిరినదాంట్లో అతి కొద్ది భాగం రంగు మారి వెనక్కి వస్తుంది. ఆ రంగు మారిన వెలుగులో ఒక భాగం గాజు ఎంత వేడిగా ఉందో దాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చిన్న లేజర్ మెరుపు పంపి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూస్తే ఏ చోటుదో తెలుస్తుంది. గాజులో వెలుగు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు, అందుకని ఒక మీటరు దూరం పోయి రావడానికి 10 నానోసెకన్లు. ఇట్లా కిలోమీటర్ల పొడవునా మీటరు మీటరుకూ ఎంత వేడి ఉందో పట్టీ రాసుకోవచ్చు. కట్ట అడుగున పాతిన పోగు పొడవునా వేడి ఒకేలా ఉండి, ఒక్కచోట మాత్రం జలాశయం నీటితో పాటు మారుతోందంటే, అక్కడికి నీళ్లు చేరుతున్నాయన్నమాట. యూరప్‌లో మట్టి డ్యాములకు ఈ పద్ధతి వాడుతున్నారు.

ఎస్‌ఎల్‌బీసీ టన్నెల్లో ఇది ఉంటే ఆ ప్రమాదం ఆగేదా?

2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) కోసం తవ్వుతున్న సొరంగం కప్పు దోమలపెంట వైపు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయిన రోజు నుంచి ఈ ప్రశ్న చాలామంది అడిగారు. ఆగేదని నేను అనను. ఇప్పటికే తవ్వి కాంక్రీటు వేసిన సొరంగం గోడ ఎంత ఒంగుతోందో చెప్పడానికి ఫైబర్ బాగా పనికొస్తుంది. తవ్వుతున్న ముఖం దగ్గర, ఇంకా పోగు వేయని చోట ఉన్న వదులు రాయిని, నీటి ఊటను అది చెప్పలేదు. అక్కడ ముందుకు రంధ్రాలు వేసి చూడటం, నేల లోపలికి ధ్వని తరంగాలు పంపి చూడటం లాంటి వేరే పనులు ఉంటాయి. సెన్సార్ లేని చోట సెన్సార్ పేరు చెప్పి ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు.

భూమిలో పాతిన కేబుల్ మన మాటలు వింటదంట, నిజమేనా?

మాటలు వినే సంగతి పక్కన పెట్టండి, అడుగుల చప్పుడు వింటుంది. పోగు మీద కంపనం పడితే చెదిరి వెనక్కి వచ్చే వెలుగు వణుకుతుంది. ఈశాన్య సరిహద్దు రైల్వేలో పట్టాల పక్కన వేసిన ఫైబర్‌తోనే ఏనుగుల గుంపు వస్తోందని పసిగట్టి రైలును ఆపుతున్నారు. ఆ ఏర్పాటు పేరు గజరాజ్. మన వైపు ఏనుగులు లేవు. పైపులైన్ పక్కన అనుమతి లేకుండా తవ్వేవాళ్లను పట్టుకోవడానికి మాత్రం ఇదే విద్య పనికొస్తుంది.

మా నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో నీ పోగు చెప్తదా?

మర్రిగూడ నుంచి వచ్చిన ఒకాయన అడిగాడు. ఫ్లోరైడ్ వంచిన ఆయన మోకాళ్లు చూస్తూ జవాబు చెప్పడం కష్టమైంది.

ల్యాబ్‌లో చెప్తుంది. పోగు మీది బయటి గాజును కొంత మేర తీసేసి, ఫ్లోరైడ్ తగిలితే రంగో గుణమో మారే పూత వేస్తారు. లోపలి వెలుగు అంచు కొద్దిగా బయటికి తొంగి చూస్తుంది కాబట్టి పూతలో మార్పు దానికి తెలుస్తుంది. ల్యాబ్ నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే ఉంటుంది. బోరు నీళ్లలో సున్నం, ఉప్పు, ఇనుము, అల్యూమినియం అన్నీ ఉంటాయి, పూత అన్నిటికీ ఎంతో కొంత మారుతుంది. పైగా కొన్నాళ్లకు పూత అలసిపోతుంది. తాగే నీటికి మన ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు లేకపోతే 1.5 వరకు. 1కీ 1.5కీ మధ్య తేడాను బోరు నీళ్లలో నమ్మకంగా చెప్పలేనిది ఊళ్లో పెట్టడానికి పనికిరాదు. ఇవాళ్టికి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ పరీక్షే నమ్మదగ్గది. పటికా సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ మన ఊరి పేరే పెట్టింది, నల్లగొండ టెక్నిక్ అని. పేరు రావాల్సిన కారణానికి వచ్చిన పేరు కాదది.

ఇంకో సంగతి ఆయనకు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఫైబర్ తయారు చేసేటప్పుడు బయటి గాజు పొరలో ఫ్లోరిన్ కలపడం ఉంది. అది కలిస్తే వక్రీభవన గుణకం తగ్గి వెలుగు నడిమి దారిలోనే ఉంటుంది. మా జిల్లాలో ఎముకలు వంచిన మూలకమే నా పోగులో వెలుగును దారి తప్పకుండా పట్టుకుంటుంది. ల్యాబ్‌లో ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు మర్రిగూడ గుర్తొస్తుంది.

అన్నిటికంటే కష్టమైన పని ఏది?

జిగురు. నవ్వకండి. గ్రేటింగును ఇనుప దూలానికి అంటిస్తేనే దూలం సాగినప్పుడు అదీ సాగుతుంది. నా రెండో ఏడాదిలో మిద్దె మీద ఒక దూలానికి గ్రేటింగులు అంటించి, బరువు వేలాడదీసి, రెండు నెలలు రాత్రీ పగలూ లెక్కలు తీశాను. రోజురోజుకూ దూలం కొంచెం కొంచెంగా పొట్టిదవుతున్నట్టు చూపించింది. సాక్షి గ్రేటింగు చెప్పిన వేడి లెక్క తీసేసి చూసినా అంతే. ఇనుము బరువుకు సాగాలి గానీ కుంచించుకుపోవడమేంటని వారం రోజులు టెన్షన్. చివరికి గోరుతో గీకి చూస్తే జిగురు మెత్తబడి ఉంది. ఎండకు ఎపాక్సీ మెత్తబడి, సాగి ఉన్న పోగును నెమ్మదిగా జారవిడుస్తోంది. దూలం ఉన్నచోటే ఉంది. రెండు నెలల లెక్కలు చెత్తబుట్టలోకి. అప్పటి నుంచి ఎవరైనా కొత్త సెన్సార్ అని పేపరు చూపిస్తే నేను మొదట వెతికేది ఏ జిగురు వాడారన్నదే.

ఫైబర్ లేజర్ అంటే ఏంటి? లేజర్ కటింగ్ షాపుల్లో ఉండేదేనా?

అదే. పోగు నడిమి గాజులో యిటర్బియం అనే అరుదైన లోహాన్ని కలుపుతారు. చిన్న డయోడ్ లేజర్ల నుంచి 976 నానోమీటర్ల వెలుగును లోపలికి పంపితే యిటర్బియం పరమాణువులు దాన్ని మింగి, 1064 లేదా 1080 నానోమీటర్ల దగ్గర తిరిగి కక్కుతాయి. ఆ వెలుగు రెండు అద్దాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ బలం పుంజుకోవాలి. ఆ అద్దాలు ఏంటో తెలుసా? పైన చెప్పిన చారల గ్రేటింగులే. సెన్సార్‌లో నాడి చెప్పినదే ఇక్కడ అద్దంగా నిలబడుతుంది. అందుకే ఈ రెండు పనులూ ఒకే ల్యాబ్‌లో జరుగుతాయి. యిటర్బియం బదులు ఎర్బియం కలిపితే 1550 దగ్గర వెలుగు వస్తుంది. సముద్రం అడుగు కేబుళ్లలో అలసిన సిగ్నల్‌కు మళ్లీ ఊపిరి పోసేది ఎర్బియం పోగే. ఆ యాంప్లిఫయర్ 1987లో వచ్చింది. అసలు గాజు పోగులో లేజర్ పుట్టించవచ్చని 1961లోనే, మొదటి లేజర్ వచ్చిన మరుసటి ఏడే, ఎలియాస్ స్నిట్జర్ చూపించాడు.

మింగిన వెలుగుకూ కక్కిన వెలుగుకూ మధ్య తేడా తక్కువ, నూటికి 8 నుంచి 10 పాళ్లు వేడిగా పోతుంది. ఆ వేడి కూడా మీటర్ల పొడవున్న సన్నటి పోగంతా పరుచుకుని త్వరగా చల్లారుతుంది. పాత కార్బన్ డయాక్సైడ్ లేజర్ల కంటే కరెంటు ఖర్చు చాలా తక్కువ కావడానికి కారణాలు ఇవే. చిన్న పట్టణాల్లో కూడా షాపులు వెలిసింది అందుకే.

మీరు రోజూ దీన్ని చూస్తూనే ఉన్నారు. గేటు మధ్యలో తీగలూ నెమళ్లూ కోసిన ఇనుప రేకు ఫైబర్ లేజర్ పని. ఒకప్పుడు స్టీలు సామాన్ల షాపులో జర్‌మని చప్పుడు చేసే సూదితో పెళ్లి గిన్నెల మీద పేర్లు కొట్టేవారు, ఇప్పుడు చప్పుడు లేకుండా లేజర్ రాస్తోంది. బంగారం కొంటే లోపలి వైపు ఉండే ఆరక్షరాల హాల్‌మార్క్ నంబరు, హెచ్‌యూఐడీ, లేజర్‌తో చెక్కిందే. భూతద్దం పెట్టి చూడండి. సూది గీస్తే పక్కకు గట్టు లేస్తుంది, లేజర్ గీతకు అట్లాంటి గట్టు లేవదు.

మరి చెక్క, ప్లాస్టిక్ కూడా కోస్తదా?

పెద్దగా కొయ్యదు. ఒక మైక్రాను దగ్గరి వెలుగు అద్దంలాంటి పారదర్శక అక్రిలిక్ షీట్ గుండా కిటికీలోంచి పోయినట్టు పోతుంది. వాటికి 10.6 మైక్రాన్ల కార్బన్ డయాక్సైడ్ లేజరే సరైనది. మిషన్ కొనేముందు ఏం కోయాలో తేల్చుకోండి. ఒక్క మిషన్‌తో అన్నీ అయిపోతాయని చెప్పేవాళ్ల దగ్గర జాగ్రత్త.

కళ్లకు ప్రమాదమా?

చాలా. ఈ ఒక్క జవాబు మాత్రం షాపుల్లో పనిచేసే తమ్ముళ్లు తప్పక చదవాలి. వెల్డింగ్ మెరుపు కంటికి కనిపిస్తుంది, నొప్పి పుడుతుంది, తల తిప్పుకుంటాం. ఫైబర్ లేజర్ వెలుగు కనపడదు, నొప్పి తెలియదు, కంటి కటకం గుండా నేరుగా రెటీనా మీద చుక్కగా కూడుకుంటుంది. అక్కడ కాలితే మళ్లీ రాదు. మెరిసే స్టీలు రేకు మీద పడి తిరిగొచ్చిన కిరణం కూడా అంతే. నల్ల కూలింగ్ గ్లాసులు, వెల్డింగ్ అద్దాలు దీనికి పనికిరావు. మీ లేజర్ నానోమీటర్ల నంబరు రాసి ఉన్న కళ్లజోడే పెట్టుకోవాలి. మిషన్ తలుపు తీసినా ఆగకుండా ఉండటానికి సెన్సార్‌కు టేపు వేసి నడపడం నేను కళ్లారా చూశాను.

కర్నూలులో డ్రోన్‌ను కాల్చిన లేజర్ కూడా మీరే చేశారా?

లేదండీ. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర 30 కిలోవాట్ల లేజర్‌ను పరీక్షించింది రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో. నా బల్ల మీదది 20 వాట్లు. దానికే చెమటలు పడుతుంటాయి.

ల్యాబ్‌లో రోజంతా ఏం చేస్తవు?

ఎక్కువ సేపు పోగులు అతుకుతాను. స్ట్రిప్పర్‌తో ప్లాస్టిక్ పూత ఒలవాలి, స్పిరిట్‌లో తడిపిన మెత్తటి కాగితంతో తుడవాలి. సరిగ్గా తుడిస్తే కిచకిచమని చప్పుడు వస్తుంది, అది వచ్చేదాకా తుడవాలి. క్లీవర్‌లో పెట్టి టక్కున కోస్తే కొస అద్దంలా సమంగా తెగుతుంది. రెండు కొసలనూ స్ప్లైసర్‌లో ఎదురెదురుగా పెడితే తెర మీద రెండు పెద్ద దూలాల్లా కనిపిస్తాయి. యంత్రం వాటిని వరుసకు తెచ్చి, చిన్న కరెంటు మెరుపుతో కరిగించి అతుకుతుంది. అతుకు దగ్గర వెలుగు నష్టం 0.02 డెసిబెల్స్, అంటే నూటికి అర పాలు కూడా కాదు, అని చూపిస్తే ఆ రోజు మంచి రోజు. తెగిన ముక్కలను మాత్రం లెక్కపెట్టి డబ్బాలో వేయాలి. వేలిలో దిగితే కంటికి కనపడదు, నొప్పి మాత్రం రాత్రంతా. టేపు అంటించి పీకడమే దానికి వైద్యం.

ఒక రాత్రి లేజర్ పవర్ పెంచుతున్నాను. కనెక్టర్ కొసను తుడవకుండా బిగించాను, బద్ధకం. దాని మీద ఏ దుమ్ము రేణువు ఉందో, చిన్న తెల్లటి చుక్క వెలిగింది. ఆ చుక్క పోగు వెంట వెనక్కి నడవడం మొదలుపెట్టింది, లేజర్ వైపు, మనిషి నడిచినంత నెమ్మదిగా. అందంగా ఉంది, అదే పాపం. చూస్తూ నిలబడ్డాను. తేరుకుని స్విచ్ కట్టేసేసరికి నాలుగు మీటర్ల ఖరీదైన యిటర్బియం పోగు లోపల వరుసగా బుడగలు పడి పాడైపోయింది. దీన్ని ఫైబర్ ఫ్యూజ్ అంటారు, పుస్తకంలో చదివాను. గైడ్ గారు ఏమీ అనలేదు, తుడిచే కాగితాల పెట్టె ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయారు.

మా పిల్లగాడు నల్లగొండలో డిగ్రీ ఫిజిక్స్. ఈ లైన్లోకి రావాలంటే?

మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసినా చాలు, తర్వాత గేట్ లేదా సీఎస్‌ఐఆర్ నెట్ రాయాలి. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసినవాళ్లూ రావచ్చు. ఈ పనికి పేరున్నవి ఐఐటీ మద్రాస్, ఐఐటీ ఢిల్లీ, బెంగళూరు ఐఐఎస్సీ, ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్. మన దేశంలో ఎర్బియం, యిటర్బియం పోగులు తీసే చోటు కలకత్తాలోని గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ. పరిశోధకులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37 వేలు, ఇంటద్దె వేరు. డబ్బులు టైముకు పడతాయా అంటే, ఆ ప్రశ్న వేరే పేజీలో పెట్టాలి.

తెలుగు మీడియం అని భయపడితే, నేనూ అదే. మొదటి ఆరు నెలలు సెమినార్లో నోరు విప్పలేదు. స్ప్లైసర్ దగ్గర మాత్రం ఎవరి ఇంగ్లిషూ అక్కరకు రాదు, చెయ్యి వణకకపోతే చాలు.

ఇంకా ఎన్నేళ్లు చదువుతవు?

మా అమ్మ ప్రశ్న. ఈ పేజీలో జవాబు లేని ప్రశ్న ఇదొక్కటే.

ఈసారి వచ్చేటప్పుడు ఒక ముక్క తెస్తావా? చూస్తం.

మొన్న సంక్రాంతికి తెచ్చాను. పది మీటర్ల పోగు, ఒక ఎర్ర లైట్ పెన్ను. సాయంత్రం లైట్లు ఆపి, ఒక కొసలో పెన్ను పెడితే అటు కొస దగ్గర ఎర్రటి చుక్క. పిల్లలు దాన్ని అరచేతుల మీద పడేసుకుంటూ గోల. ఒక పాప పోగును వేలికి ఉంగరంలా చుట్టింది, వంపు దగ్గర ఎర్రటి వెలుగు బయటికి కారింది, అటు కొసలో చుక్క మసకబారింది. "ఇంకా బిగించితే ఏమైతది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే కేబుల్ లైన్‌మన్‌గా పనిచేసే మా చిన్నాయన అరుగు మీద నుంచి లేచి వచ్చి, పోగును ఆమె వేలి నుంచి నెమ్మదిగా విప్పి, "బిగించితే నాకు ఫోన్ వస్తది బిడ్డా, నెట్ వస్తలేదని" అన్నాడు.